బయట 29 డిగ్రీలు, కంప్యూటర్‌లో 54

మొదట ఇది బగ్ అనుకున్నా.

రాత్రి పన్నెండు దాటాక హాస్టల్లో కాక్‌పిట్ వీడియోలు చూడటం నాకున్న చెడ్డ అలవాట్లలో ఒకటి. ఒక వీడియోలో ఎయిర్‌బస్ విమానం టేకాఫ్‌కి రెడీ అవుతోంది. బయట ఉష్ణోగ్రత 29 డిగ్రీలని స్క్రీన్ మీద కనిపిస్తోంది. పైలట్ మాత్రం కంప్యూటర్‌లో 54 అని కొట్టాడు. పక్క సీట్లో ఉన్న పైలట్ అది చూసి, సరేనన్నట్టు తలూపాడు. 54 డిగ్రీలు! మా సోంపేటలో రోహిణి కార్తెలో కూడా అంత ఎండ ఎవరూ చూడలేదు. ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని ఒక యంత్రానికి పచ్చి అబద్ధం చెబుతున్నారు, యంత్రం కూడా కిమ్మనకుండా తీసుకుంటోంది.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఈ వీడియో మా మావయ్యకి చూపించాను. మావయ్యకి లారీ ఉంది. ఉద్దానం కొబ్బరికాయలు, ఒక్కోసారి పలాస జీడిపప్పు బస్తాలు వేసుకుని ఒడిశా మీదుగా చాలా దూరం వెళ్తాడు. ఇంజిన్ల గురించి ఆయనతో మాట్లాడితే నా బీటెక్ ఎందుకూ పనికిరాదు. వీడియో చూసి ఆయన అన్న మాట ఇది:

"అంటే ఏటిరా, ఇంజినికి అబద్ధం సెప్పి, ఉన్న పవరంతా ఇవ్వకుండా లేపేస్తన్నారా? డీజిల్ మిగుల్సుకోడానికా? జనం పేనాలతోటి ఆటలేటి?"

ఆయన కోపానికి ఒక కారణం ఉంది. హైదరాబాద్‌లో ఉన్న కూతురి దగ్గరికి విశాఖ నుంచి విమానంలో వెళ్లాలని అప్పుడే అనుకుంటున్నారు. ఇంట్లో ఎవరికైనా అదే మొదటి విమానం. 2025 జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదం జరిగినప్పటి నుంచి అత్తకి విమానం పేరెత్తితే భయం. (ఆ ప్రమాదం వేరే కథ, దాని దర్యాప్తు వేరు. ఈ వ్యాసం దాని గురించి కాదు.) ఆ టైమ్‌లో నేను పోయి "పైలట్లు కావాలనే పవర్ తగ్గిస్తారు" అని వీడియో చూపించాను. తెలివైన మేనల్లుడిని.

మావయ్యకి జవాబు చెప్పడానికి చదవడం మొదలుపెట్టాను. చదివింది ఇక్కడ రాస్తున్నాను. నా తెలుగు పదో తరగతిలో సెకండ్ లాంగ్వేజ్ దగ్గర ఆగిపోయింది కాబట్టి ఇంగ్లీషు మాటలు చాలా దొర్లుతాయి, సర్దుకోండి.

మావయ్య ప్రశ్నలో సగం నిజమే. డబ్బు కోసమే చేస్తారు. కాకపోతే మిగిలేది డీజిల్ లాంటి ఇంధనం కాదు, ఇంజిన్. జెట్ ఇంజిన్‌లో మండిన వాయువు టర్బైన్ బ్లేడ్లని తాకే చోట వేడి ఎంత ఉంటుందంటే, ఆ బ్లేడ్లు తయారైన లోహం కరిగే ఉష్ణోగ్రత కంటే ఎక్కువ. బ్లేడ్ లోపల సన్నని దారుల్లో గాలి పంపిస్తూ, పైన పూత వేసి, కరగకుండా కాపాడుతుంటారు. అలాంటి బ్లేడ్ నిమిషానికి వేల సార్లు తిరుగుతూ, ఆ లాగుడుకి రవ్వంత రవ్వంత సాగుతుంది. దీన్ని క్రీప్ అంటారు, మెకానికల్ వాళ్లని అడిగితే ఇంకా బాగా చెబుతారు. వేడి కొంచెం తగ్గినా ఆ సాగుడు చాలా తగ్గుతుంది. ప్రయాణం మొత్తంలో ఇంజిన్ మీద ఎక్కువ భారం పడేది టేకాఫ్ అప్పుడే. ఆ నిమిషంన్నర సేపు గొంతు చించుకుని అరవాల్సిన ఇంజిన్‌ని కొంచెం మెల్లగా అరవనిస్తే, ఓవర్‌హాల్‌కి వెళ్లే రోజు వెనక్కి జరుగుతుంది. ఇంజిన్ ఓవర్‌హాల్ అంటే కోట్ల రూపాయల మాట. పైగా తక్కువ అలిసిన ఇంజిన్ మధ్యలో చెడిపోయే అవకాశం కూడా తక్కువ.

ఇది మావయ్యకి వెంటనే అర్థమైంది. ఖాళీ లారీతో ఘాట్ ఎక్కేటప్పుడు ఆయన కూడా యాక్సిలరేటర్ నేలకి తొక్కడు. "లోడు బట్టి తొక్కాల" అన్నాడు. మరి లోడు ఎంత, రోడ్డు ఎంత, ఎంత తొక్కితే చాలు అన్నది లారీలో కాలికి తెలుస్తుంది. విమానంలో కాలికి వదిలేయరు, లెక్క వేస్తారు.

లెక్కలోకి వెళ్లేముందు ఉష్ణోగ్రత సంగతి తేల్చుకుందాం. పవర్ తగ్గించాలంటే "85 శాతం ఇవ్వు" అనొచ్చు కదా, ఈ 54 డిగ్రీల నాటకం దేనికి?

గాలి వేడెక్కితే పల్చబడుతుంది. పల్చటి గాలిలో ఇంజిన్ అంతే తోపు ఇవ్వాలంటే ఇంకా వేడిగా పనిచెయ్యాలి. అందుకని తయారీ కంపెనీ ఒక గీత గీస్తుంది. సముద్ర మట్టం దగ్గర చాలా ఇంజిన్లకి ఆ గీత 30 డిగ్రీల చుట్టూ ఉంటుంది. బయట అంతకంటే చల్లగా ఉన్నంతసేపు ఇంజిన్ చెప్పిన పూర్తి థ్రస్ట్ ఇస్తుంది. చలికాలమైనా, వర్షాకాలమైనా అదే. గీత దాటి ఎండ పెరిగేకొద్దీ లోపలి వేడి హద్దు మీరకుండా థ్రస్ట్ తగ్గిస్తూ పోతుంది. అంటే ఎండ ఎంత ఉంటే ఎంత థ్రస్ట్ వస్తుందో, ఆ థ్రస్ట్‌తో ఎంత బరువు ఏ రన్‌వే మీంచి లేవగలదో ముందే లెక్కలన్నీ వేసి, పరీక్షించి, సర్టిఫై చేసి పెట్టారు. ఎడారి ఊళ్లలో నిజంగానే 48, 50 డిగ్రీల్లో విమానాలు లేస్తాయి కదా, వాళ్లకి ఇవి అవసరం.

ఎవరో తెలివైనవాళ్లకి ఇక్కడే ఐడియా వచ్చింది. పట్టికని తిరగేసి చదివితే?

పాత రోజుల్లో ఒక్కో రన్‌వేకి ఒక్కో కాగితం పట్టిక ఉండేది. ఎడమవైపు ఉష్ణోగ్రతలు, పైన గాలి వేగం, లోపల గళ్లలో ఆ పరిస్థితుల్లో లేవగలిగే గరిష్ఠ బరువు. మామూలుగా అయితే ఉష్ణోగ్రత దగ్గర వేలు పెట్టి, పక్కకి జరిపి, బరువు చదవాలి. ఇప్పుడు తిరగేద్దాం. ఈ కింది అంకెలు నేను ఉదాహరణకి వేసుకున్నవి: 30 డిగ్రీల దగ్గర 79 టన్నులు, 40 దగ్గర 75, 48 దగ్గర 70, 54 దగ్గర 67. మన విమానం ఇవాళ 67 టన్నులే ఉంది. గళ్లలో 67 వెతికి, ఎడమవైపుకి జరిగితే 54 దొరుకుతుంది. దానర్థం, బయట 54 డిగ్రీలు కాగుతున్నా ఈ బరువుతో ఈ రన్‌వే మీంచి నిబంధనల ప్రకారం లేవొచ్చు. అయితే ఇంజిన్‌కి "బయట 54 డిగ్రీలు ఉంది" అని చెప్పేస్తే, 54 డిగ్రీల్లో ఎంత థ్రస్ట్ ఇవ్వాలో అంతే ఇస్తుంది. కొత్తగా ఏమీ సర్టిఫై చెయ్యక్కర్లేదు. ఉన్న లెక్కే. దీన్ని బోయింగ్ వాళ్లు అజ్యూమ్డ్ టెంపరేచర్ అంటారు, ఎయిర్‌బస్ వాళ్లు ఫ్లెక్స్ అంటారు. నేను వీడియోలో చూసిన 54 అదే.

మన బ్రాంచ్ వాళ్లకి ఈపాటికి బల్బు వెలిగి ఉండాలి. ఉష్ణోగ్రత పెంచుకుంటూ పోతే ఒకచోట వరకు "సరే, లేవొచ్చు" అని వస్తుంది, ఆ తర్వాత నుంచి "లేవకూడదు" అని వస్తుంది. మళ్లీ వెనక్కి మారదు. సరే అని వచ్చే ఆఖరి ఉష్ణోగ్రత కనిపెట్టాలి. డీఎస్‌ఏ క్లాసులో మనందరం తప్పు చేసే బైనరీ సెర్చ్ ప్రశ్న ఇదే! ఇప్పుడు పైలట్లు కాగితాల బదులు టాబ్లెట్‌లో బరువు, రన్‌వే, గాలి, ఉష్ణోగ్రత, గాలి పీడనం కొడితే క్షణంలో జవాబు వస్తుంది.

అయితే "లేవొచ్చు" అన్న మాటకి అర్థం ఏంటి అన్నదే అసలు విషయం. మావయ్య భయం కూడా అక్కడే ఉంది.

నేను అనుకున్నది, రన్‌వే అయిపోయేలోపు చక్రాలు పైకి లేస్తే చాలని. కాదు. ఈ లెక్క మొత్తం ఒక ఇంజిన్ పోతుందన్న ఊహ మీద నడుస్తుంది. అది కూడా అన్నిటికంటే చెత్త క్షణంలో పోతుందని. ఆ క్షణాన్ని వీ1 అనే వేగంతో గుర్తిస్తారు. వీ1 లోపు ఏదైనా తేడా వస్తే బ్రేకులు వేసి, మిగిలిన రన్‌వేలోనే ఆగగలగాలి. వీ1 దాటాక ఇంజిన్ పోతే ఆగకూడదు. ఉన్న ఒక్క ఇంజిన్‌తో, అదీ తగ్గించిన థ్రస్ట్‌తోనే, పరుగు పూర్తి చేసి లేవాలి. పొడి రన్‌వే అయితే చివరికొచ్చేసరికి 35 అడుగుల ఎత్తులో ఉండాలి. తర్వాత చక్రాలు లోపలికి మడుచుకున్నాక, రెండింజిన్ల విమానమైతే కనీసం 2.4 శాతం వాలుతో ఎక్కుతూ ఉండాలి. అంటే 1000 మీటర్లు ముందుకెళ్తే 24 మీటర్లు పైకి. దారిలో కొండలుంటే వాటి మీంచి కూడా మార్జిన్‌తో దాటాలి. ఇవన్నీ పాసైతేనే ఆ ఉష్ణోగ్రత పాస్. ఒక్కటి ఫెయిలైనా ఒక డిగ్రీ కిందకి దిగాల్సిందే.

మావయ్యవాళ్లు ఎక్కబోయేది విశాఖలో కాబట్టి విశాఖతోనే ఒక లెక్క చేసి చూశాను. అక్కడి విమానాశ్రయం నేవీది, ఐఎన్‌ఎస్ డేగా. పౌర విమానాలు కూడా అదే రన్‌వే వాడతాయి. పెద్ద రన్‌వే పొడవు 3050 మీటర్లు, ఎత్తు దాదాపు సముద్ర మట్టమే. ఉత్తరాన సింహాచలం కొండ, దక్షిణాన యారాడ కొండ. (పోల్చుకోవడానికి: శంషాబాద్ పెద్ద రన్‌వే 4260 మీటర్లు, కానీ అది సముద్ర మట్టానికి 600 మీటర్ల పైన ఉంది, అక్కడి గాలి ముందే కొంచెం పల్చన.)

ఎయిర్‌బస్ ఏ320 నియో తీసుకుందాం. గరిష్ఠ టేకాఫ్ బరువు 79 టన్నులు. ఖాళీ విమానం ఒక 45, మనుషులూ సామాన్లూ ఒక 16, హైదరాబాద్ దగ్గరే కాబట్టి ఇంధనం ఒక 6 అనుకుంటే 67 టన్నులు. ఇవి నా ఉజ్జాయింపులు. దయచేసి ఈ లెక్కతో ఎవరూ విమానం నడపకండి.

ఒక్కో ఇంజిన్ నిలబడి ఉన్నప్పుడు 120 కిలోన్యూటన్ల దాకా తోస్తుంది, వేగం పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. పరుగు మొత్తం మీద సగటున రెండూ కలిపి 205 అనుకుందాం. గాలి, చక్రాల నిరోధం 20 తీసేస్తే 185. దాన్ని 67 టన్నులతో భాగిస్తే త్వరణం సెకనుకి సెకనుకి 2.76 మీటర్లు. లేచే వేగం 140 నాట్లు, అంటే సెకనుకి 72 మీటర్లు. ఇంటర్ ఫిజిక్స్ ఫార్ములా వేస్తే పరుగు సుమారు 940 మీటర్లు. మూడు కిలోమీటర్ల రన్‌వేలో మూడో వంతు కూడా కాలేదు!

ఇప్పుడు థ్రస్ట్ 20 శాతం తగ్గిద్దాం. 205 కాస్తా 164 అయింది, నిరోధం పోగా 144. త్వరణం 2.15, పరుగు సుమారు 1200 మీటర్లు. ఇంకా 1800 మీటర్ల పైన మిగిలింది.

సరే, ఆగాల్సి వస్తే? వీ1 135 నాట్లు అనుకుంటే, అక్కడికి చేరడానికి 1120 మీటర్లు. నిర్ణయం తీసుకుని బ్రేక్ పట్టడానికి రెండు సెకన్లు, అందులో 140 మీటర్లు. బ్రేకులు సెకనుకి సెకనుకి 3 మీటర్లు తగ్గిస్తే ఇంకో 800. మొత్తం 2060 మీటర్లు. రన్‌వే ఇంకా దాదాపు కిలోమీటరు మిగిలింది.

ఇంజిన్ పోయి, ఆగకుండా లేస్తే? ఆ వేగంలో మిగిలిన ఒక్క ఇంజిన్ తగ్గించిన థ్రస్ట్ సుమారు 78 కిలోన్యూటన్లు. విమానం బరువు 657 కిలోన్యూటన్లు. బరువులో 11.9 శాతం తోపు. గాలి నిరోధం బరువులో పన్నెండో వంతు, అంటే 8.3 శాతం అనుకుంటే మిగిలేది 3.6 శాతం. కావాల్సింది 2.4. పాస్. చూశారా, రన్‌వే పొడవు దగ్గర కిలోమీటరు మిగిలింది కానీ ఎక్కుడు దగ్గర మిగిలింది ఒక్క శాతం చిల్లర. చాలాసార్లు ముందుగా అడ్డొచ్చేది రన్‌వే కాదు, ఎక్కుడూ కొండలూనే. అందుకే కొండలున్న చోట్ల ఇంజిన్ పోతే ఎటు తిరగాలో ఎయిర్‌లైన్లు ముందే దారి గీసి పెడతాయి. భోగాపురం విమానాశ్రయానికి 3800 మీటర్ల రన్‌వే. నిమ్మాడ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు 2024లో పౌర విమానయాన మంత్రి అయినప్పటి నుంచి మా వైపు టీ కొట్ల దగ్గర కూడా రన్‌వేల గురించి చర్చలే. పొడవు ఒక్కటే కాదు, ఆ చివర ఎదురుగా ఏముంది అన్నది కూడా అడగండి అని ఈసారి చెబుతాను.

ఎంతైనా తగ్గించుకోవచ్చా అంటే, లేదు. ఈ ఉష్ణోగ్రత పద్ధతిలో పూర్తి థ్రస్ట్ నుంచి 25 శాతానికి మించి తగ్గించకూడదని అమెరికా ఎఫ్‌ఏఏ సలహా పత్రంలోనే ఉంది. రన్‌వే మీద నీళ్లు నిలిచినా, మంచు ఉన్నా ఈ పద్ధతి వాడరు. ఉత్త తడి అయితే తడి లెక్క వేసుకుని వాడొచ్చు. గాలి ఉన్నట్టుండి దిశ మార్చే విండ్‌షియర్ హెచ్చరిక ఉంటే పూర్తి థ్రస్టే. తిత్లీ రాత్రి మా పెరట్లో కొబ్బరి చెట్లు ఒకసారి అటు, ఒకసారి ఇటు వంగడం చూశాను కాబట్టి ఈ రూల్ నాకు ఎవరూ వివరించక్కర్లేదు. ఇంకొకటి, తగ్గించడం అంటే తాళం వెయ్యడం కాదు. ఏ క్షణంలోనైనా పైలట్ లివర్లు చివరిదాకా తోస్తే పూర్తి థ్రస్ట్ వస్తుంది. ఒక ఇంజిన్ పోయినా సరే. మన లెక్కలో దాన్ని అసలు వాడలేదు, గమనించండి.

నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి వేరే ఉంది. ఈ అబద్ధం మంచివైపుకే తప్పుతుంది.

విమానం లేవడానికి కావాల్సిన వేగం అంటే గాలి రెక్క మీద కొట్టే ఒత్తిడి. పైలట్ ముందున్న మీటర్ ఆ ఒత్తిడినే చూపిస్తుంది. గాలి పల్చగా ఉంటే అదే ఒత్తిడి రావడానికి నేల మీద ఇంకా వేగంగా పరుగెత్తాలి. నిజంగా 54 డిగ్రీలు ఉంటే గాలి పల్చన కాబట్టి ఎక్కువ పరుగు కావాలి, పట్టికలో లెక్క దానికే వేశారు. కానీ నిజంగా ఉన్నది 29. గాలి చిక్కగా ఉంది. కెల్విన్‌లో చూస్తే 327, 302. వాటి నిష్పత్తికి వర్గమూలం తీస్తే 1.04. అంటే నిజమైన వేగం లెక్కలో అనుకున్న దానికంటే 4 శాతం తక్కువ సరిపోతుంది. దూరం వేగం వర్గంతో మారుతుంది కాబట్టి పరుగు దాదాపు 8 శాతం తగ్గుతుంది. ఆగాల్సి వచ్చినా అంతే లాభం. "85 శాతం ఇవ్వు" అని నేరుగా చెప్పి, రన్‌వే సరిగ్గా సరిపోయేలా లెక్క వేసుంటే ఈ మిగులు ఉండేది కాదు. ఉష్ణోగ్రత గురించి అబద్ధం చెప్పడం వల్లే వచ్చింది. 54 డిగ్రీల రోజుకి సరిపోయే ఏర్పాటుతో 29 డిగ్రీల రోజు లేస్తున్నాం.

ఇంతవరకు చదివి మావయ్యకి ఫోన్ చేసి గొప్పగా చెప్పేవాడినే. కానీ పద్ధతి బాగుంటే ప్రమాదాలు అసలు లేవా అని వెతికాను. ఉన్నాయి. నేను చదివిన మూడింట్లోనూ తప్పు జరిగింది తగ్గించడంలో కాదు, టైపు చెయ్యడంలో.

2009 మార్చి 20, మెల్‌బోర్న్. ఎమిరేట్స్ ఏ340, దుబాయ్‌కి బయలుదేరింది. మనుషులు 275 మంది. విమానం బరువు 362.9 టన్నులు. టాబ్లెట్ లాంటి కంప్యూటర్‌లో పడింది 262.9. ఒక్క అంకె. మూడు బదులు రెండు. వంద టన్నుల తేలిక విమానానికి సరిపడా థ్రస్ట్, సరిపడా వేగాలు వచ్చాయి. కాక్‌పిట్‌లో నలుగురు పైలట్లున్నారు, ఎవరికీ అనుమానం రాలేదు. ముక్కు ఎత్తితే తోక నేలకి రాసుకుంది కానీ విమానం లేవలేదు. రన్‌వే చివర దగ్గరపడుతుంటే కెప్టెన్ లివర్లు చివరిదాకా తోశాడు. రన్‌వే దాటి, అవతల ఉన్న లైట్లనీ యాంటెన్నానీ గుద్దుకుంటూ ఎలాగో లేచింది. తిరిగొచ్చి క్షేమంగా దిగారు.

2004 అక్టోబర్ 14, కెనడాలో హాలిఫాక్స్. ఎంకే ఎయిర్‌లైన్స్ సరుకు విమానం, బోయింగ్ 747. లాప్‌టాప్‌లో అంతకుముందు ప్రయాణం నాటి బరువు ఉండిపోయింది, దాంతోనే లెక్క వచ్చిందని దర్యాప్తులో తేల్చారు. అసలు బరువు దానికంటే వంద టన్నుల పైన ఎక్కువ. విమానంలో ఉన్న ఏడుగురూ చనిపోయారు. ఫామ్‌లో పాత వేల్యూ అలాగే మిగిలిపోవడం మనం రోజూ చూసే బగ్. మన దగ్గర అయితే తప్పు అడ్రస్‌కి పార్సిల్ వెళ్తుంది.

మూడోది నన్ను పడుకోనివ్వలేదు. 2017 జూలై 21, ఉత్తర ఐర్లండ్‌లో బెల్‌ఫాస్ట్. సన్‌వింగ్ బోయింగ్ 737, మనుషులు 185 మంది. బయట 16 డిగ్రీలు. కంప్యూటర్‌లో బయటి ఉష్ణోగ్రత అని ఉన్న గడిలో మైనస్ 52 పడింది. అది చాలా ఎత్తుకి చేరాక ఉండే ఉష్ణోగ్రత, వేరే గడిలో ఉండాల్సింది. అంత చలిలో ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా చాలని కంప్యూటర్ లెక్క వేసింది. ఫ్యాన్ వేగం 92.7 శాతం ఉండాల్సింది 81.5 శాతానికి పడిపోయింది. విమానం రన్‌వే మొత్తం వాడేసి, చివర దాటి 29 మీటర్ల దగ్గర ఉన్న లైటుని తాకుతూ వెళ్లింది. ఆ లైటు ఎత్తు ఒక అడుగుకి కొంచెం ఎక్కువ. ముందు చదునైన నేల కాబట్టి బతికిపోయారు. అక్కడ ఒక యారాడ కొండ ఉండుంటే?

తేడా గమనించారా. 54 అని కొట్టడం కూడా అబద్ధమే, మైనస్ 52 కూడా అబద్ధమే. 54 కొట్టే గడి వేరు. దానికి వెనకాల రన్‌వే పొడవు, ఇంజిన్ పోవడం, 2.4 శాతం, కొండలు, అన్నీ లెక్కలో ఉన్నాయి. అది అబద్ధమని అందరికీ తెలుసు. మైనస్ 52 పడింది నిజం చెప్పాల్సిన గడిలో. అది అబద్ధమని ఏ లెక్కకీ తెలియదు.

ఇంకా బాధేంటంటే, బయట ఉష్ణోగ్రత ఎంతో కొలిచే సెన్సార్ ఆ విమానానికే ఉంది. టైపు చేసిన అంకెని సెన్సార్ అంకెతో పోల్చి, తేడా ఉంటే ఒప్పుకోకుండా ఆపే తనిఖీ తర్వాతి సాఫ్ట్‌వేర్ వర్షన్‌లో ఉంది. ఆ విమానంలో ఉన్న వర్షన్‌లో లేదు. కోడ్‌లో అది ఒక ఇఫ్ కండిషన్. మొదటి సంవత్సరం ల్యాబ్‌లో "నెగటివ్ వయసు ఇస్తే ఎర్రర్ చూపించు" అని మేడమ్ చెబితే, నెగటివ్ వయసు ఎవరిస్తారు మేడమ్ అని నవ్విన బ్యాచ్ మాది. నేనే ముందు నవ్వాను.

అందుకే పైలట్లు ఈ లెక్కని ఒక్కరే వెయ్యరు. ఇద్దరూ ఎవరి టాబ్లెట్‌లో వాళ్లు విడివిడిగా కొట్టి, వచ్చిన వేగాలు, ఉష్ణోగ్రత పోల్చుకోవాలి. బరువు లోడ్‌షీట్‌లో ఉన్నదేనా అని చూసుకోవాలి. ఆఖరికి చివరి నిమిషంలో రన్‌వే మారితే మళ్లీ మొదటి నుంచి. అంకె సరిగ్గా ఉందా అని కాకుండా, ఇంత బరువుకి ఈ అంకె రావచ్చా అని చూసే అలవాటు కూడా నేర్పుతారు. మావయ్య లారీ ఎక్కగానే స్ప్రింగ్ పట్టీలు ఎంత దిగాయో ఒకసారి చూసి, వేబ్రిడ్జి చీటీ నమ్మాలో వద్దో చెప్పేస్తాడు. అలాంటిదే.

మొత్తానికి మావయ్యకి ఫోన్ చేసి గంట సేపు చెప్పాను. కెల్విన్, వర్గమూలం వదిలేశాను. 54 డిగ్రీల ఎండకి సరిపోయే ఏర్పాటుతో 29లో లేస్తారని, ఒక ఇంజిన్ పోతుందనుకునే లెక్క వేస్తారని, అవసరమైతే మొత్తం పవర్ చేతిలోనే ఉంటుందని చెప్పాను. మూడు ప్రమాదాల గురించి చెప్పాలా వద్దా అని ఒక నిమిషం ఆలోచించి, అవి కూడా చెప్పేశాను. అత్తకి మాత్రం చెప్పొద్దన్నాను.

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒకటే అడిగాడు.

"అయితే ఆ అంకె కొట్టిందాన్ని ఇంకొకడు సూస్తాడన్నమాట?"

"చూస్తాడు మావయ్యా. వాడు కూడా సొంతంగా లెక్క వేసుకునే చూస్తాడు."

"మరింకేటి, టికెట్లు తియ్యి. పగటి పూట బండి సూడు, మీ అత్తకి కిటికీ పక్క సీటు."

సోంపేట నుంచి విశాఖకి పొద్దున రైలు, అక్కడి నుంచి మధ్యాహ్నం ఫ్లైట్ చూశాను. ఫామ్‌లో అత్త పుట్టిన సంవత్సరం కొట్టేటప్పుడు 1976 బదులు 1967 పడింది. పేమెంట్ పేజీ దాకా వెళ్లాక కనిపించింది.